హన్మకొండలో చేయించిన కోళ్ల గూడు

మా వనరాజా రకం కోడిపిల్లలు పొద్దుగూకితే జామచెట్టెక్కేవి. రాత్రంతా పిల్లుల టెన్షన్. హన్మకొండలో వెల్డింగ్ షాపులో చేయించిన ఈ గూడుతో ఆ బాధ తీరింది. నాకు బాగా నచ్చింది కోళ్లు ఎక్కి పడుకునే లోపలి కర్ర. 2 అంగుళాల వెడల్పు, అంచులు నున్నగా చెక్కారు, గుడ్లపెట్టె కన్నా ఎత్తులో బిగించారు. కోళ్లు ఎత్తైన చోటే వెతుక్కుంటాయి కాబట్టి గుడ్ల గడ్డిలో పడుకుని రెట్టలు వేయవు. కొత్తలో ఓ వారం బయటికి వదలకండి, గూడు అలవాటవుతుంది. చీకట్లో వాటికి సరిగా కనపడదు. మసకపడకముందే లోపల చిన్న బల్బు వేస్తే వాటంతటవే ఎక్కుతాయి, సర్దుకున్నాక ఆర్పేయాలి. జాలీ గట్టిది. గడియ మాత్రం వదులు, ముంగిస తోస్తే తెరుచుకునేలా ఉంది. వేరేది బిగించమని అడిగి తీసుకోండి.