మట్టి పోటీల కార్లకు నాలుగు చక్రాల తూకం: తిరుపతి షెడ్డుపై ఒక సమీక్ష

తిరుపతి నుంచి రేణిగుంట వెళ్లే దారిలో, లారీ బాడీలు కట్టే షెడ్ల వెనక ఉన్న ఒక చిన్న వర్క్‌షాపు, ఆటోక్రాస్ (మట్టి మైదానంలో గడియారంతో పోటీపడే పరుగు), ర్యాలీ కార్లకు ఒక్కో చక్రం మీద పడే బరువును విడివిడిగా తూచి, దాన్ని సర్దిపెట్టే పనిని కొంతకాలంగా చేస్తోంది. ఇంతకుముందు ఈ పని కోసం బండిని చెన్నైకో కోయంబత్తూరుకో పంపవలసి వచ్చేది. మట్టి ట్రాక్ కోసం తయారుచేసుకుంటున్న మా పాత మారుతి ఎస్టీమ్‌ను వీళ్ల దగ్గర తూకం వేయించాను. అలైన్‌మెంట్, వెల్డింగ్ లాంటి పనులు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. ట్యాంకులోని పెట్రోలును కూడా బండి బరువులో భాగంగా లెక్కగట్టే పద్ధతి వీళ్ల దగ్గరే చూశాను కనుక ఆ సంగతే వివరంగా రాస్తున్నాను.

బరువే తెలియాలంటే వేబ్రిడ్జి ఉంది కదా అని అడిగేవాళ్లుంటారు. ముందు చక్రాలను మాత్రమే కాటా మీదికి ఎక్కించి ఒకసారి, బండి మొత్తాన్ని ఎక్కించి మరోసారి తూస్తే ముందు వెనకల లెక్క వస్తుంది, నిజమే. అయితే లారీల కోసం పెట్టిన ఆ కాటాలు సాధారణంగా ఐదు కిలోలకో పది కిలోలకో తక్కువ తేడాను చూపించవు. తొమ్మిది వందల కిలోల కారు విషయంలో మనం వెతికేది సరిగ్గా ఆ తేడానే. ఏ మూల మీద ఎంత బరువుందో అవి ఎలాగూ చెప్పలేవు. పైగా మామిడి కాయల కాలంలో చిత్తూరు చుట్టుపక్కల ఏ కాటా దగ్గరైనా తోతాపురి లోడ్ల వరుస తరిగేదాకా మన బండిని పలకరించే నాథుడు ఉండడు.

ఈ షెడ్డులో మొదట గమనించవలసింది నేల. చక్రాల కింద పెట్టే నాలుగు తూకపు పలకలూ ఒకే మట్టంలో లేకపోతే ఎంత ఖరీదైన పలకలైనా తప్పు చెబుతాయి. వీళ్లు వాటి కింద చిత్తూరు గ్రానైటు పలకలు నాలుగింటిని సిమెంటులో దించి, నీళ్ల గొట్టంతో ఎత్తు సరిచూసి, ఆపైన ఒక్కోదాని మీద రసమట్టం పెట్టి నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి చూశారు. మా బండి ఎక్కించే ముందు కూడా ఒక తూకపు పలక కింద పలుచని రేకు ముక్కను దూర్చి, రసమట్టంలోని బుడగ గీతల మధ్యకు వచ్చేదాకా కదలనివ్వలేదు. కారును అడుగు భాగం దాకా కడగనిదే తూకానికి ఒప్పుకోరు. చక్రాల గూళ్లలో ఎండిపోయిన ఎర్రమట్టి కిలోల లెక్కన ఉంటుంది, అది రెండు వైపులా సమానంగా కూడా ఉండదు. తర్వాత టైర్లలో పోటీకి పెట్టే గాలి ఒత్తిడినే పెట్టి, మలుపుల్లో బండి ఒరగకుండా కుడి ఎడమ చక్రాలను కలిపే యాంటీ రోల్ బార్ లింకును విప్పి, బండిని నాలుగుసార్లు నొక్కి వదిలి, సస్పెన్షన్ స్థిరపడ్డాకే అంకెలు రాసుకున్నారు.

డ్రైవరు బరువు కలిపి, ట్యాంకులో పది లీటర్లతో మా బండి తూకం 900 కిలోలు. ముందు కుడి 296, ముందు ఎడమ 259, వెనక కుడి 169, వెనక ఎడమ 176. ముందు కుడి చక్రాన్నీ వెనక ఎడమ చక్రాన్నీ కలిపి మొత్తంతో భాగిస్తే వచ్చే అడ్డకోణపు బరువు 52.4 శాతం. మన ఆటోక్రాస్‌లో ఎడమ మలుపులూ ఉంటాయి, కుడి మలుపులూ ఉంటాయి కాబట్టి ఇది యాభైకి ఎంత దగ్గరగా ఉంటే బండి రెండు వైపులా అంత ఒకేలా తిరుగుతుంది. మా బండికి ఎత్తు సర్దుకునే స్ప్రింగు సీట్లు (స్ప్రింగు ఆనుకునే పళ్లేలు) ఉన్నాయి. వాటిని కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్రతిసారీ మళ్లీ తూస్తూ, చివరకు 286, 269, 179, 166 దగ్గర ఆపారు. అంటే 50.2 శాతం. ముందు చక్రాల మొత్తం 555, కుడివైపు మొత్తం 465 అలాగే ఉండిపోవడాన్ని గమనించండి. స్ప్రింగు సీటును ఎంత తిప్పినా బరువు ఒక అడ్డకోణం నుంచి రెండో అడ్డకోణానికి మారుతుందే తప్ప వెనక నుంచి ముందుకో, కుడి నుంచి ఎడమకో పోదు. అలా పోవాలంటే బండిలోని వస్తువునే జరపాలి. కరకంబాడిలో తయారైన మా బ్యాటరీని డిక్కీలో ఎడమ పక్కకు మారిస్తే ఏమవుతుందో కాగితం మీద లెక్కవేసి చూపించారు గానీ, ముందు చక్రాలే లాగే కారులో వాటి మీది బరువును తగ్గించుకోవడం నాకు ఇష్టం లేక వద్దన్నాను.

ఇక పెట్రోలు. బంకులో కనిపించే డెన్సిటీ అంకెను వీళ్లు రాసుకు రమ్మంటారు. ఆ రోజు అది 745, అంటే లీటరు సుమారు మూడు పావుల కిలో. ఆ అంకె 15 డిగ్రీల వేడికి సరిపెట్టినది. తిరుపతి ఎండలో లీటరు బరువు ఇంకాస్త తగ్గుతుందని కూడా గుర్తుచేశారు, అది గ్రాముల లెక్కే అనుకోండి. పది లీటర్లతో తూచాక మరో ఇరవై ఐదు లీటర్లు పోసి మళ్లీ తూచారు. మొత్తం 919 అయింది. ముందు ఐదు కిలోలు, వెనక పద్నాలుగు కిలోలు పెరిగాయి. ముందు చక్రాల వాటా 61.7 నుంచి 60.9 శాతానికి దిగింది. మా ట్యాంకు వెనక ఇరుసుకు కాస్త ముందుగా ఉంది కాబట్టి తేడా ఇంతటితో ఆగింది.

అమెరికాలో మట్టి ఓవల్ (కోడిగుడ్డు ఆకారపు) ట్రాకుల మీద పరిగెత్తే కార్లలో ట్యాంకు వెనక ఇరుసుకు కూడా వెనకనే ఉంటుంది. ముందు వెనక ఇరుసుల మధ్య దూరంలో పదింట మూడు వంతులంత వెనకగా ముప్పై కిలోల ఇంధనం ఉందనుకుంటే, వెనక చక్రాల మీద 39 కిలోలు పెరిగి, ముందు చక్రాల మీద 9 కిలోలు తగ్గుతుంది. ఆ ఇంధనం మండిపోయేకొద్దీ ఈ లెక్క తిరగబడుతుంది: వెనక పట్టు సడలుతుంది, ముందు బరువెక్కుతుంది. అలాంటి ట్రాకుల మీదే పరిగెత్తే తేలికపాటి స్ప్రింట్ కార్లలో వాడే మిథనాల్ పెట్రోలు కంటే రెండింతలకు పైగా ఖర్చవుతుంది కాబట్టి అక్కడ మార్పు మరీ వేగంగా వస్తుంది. అందుకే వాళ్లు రేసు మొదట్లో ఎలా ఉండాలన్నది కాక చివరి ల్యాపుల్లో ఎలా ఉండాలన్నది చూసుకుని బరువు సర్దుకుంటారు. పోటీ అయ్యాక వేసే తూకంలో ల్యాపుకు ఒక పౌండు చొప్పున తరుగు ఇచ్చే నిబంధనలు కూడా కొన్ని పోటీల్లో ఉన్నాయి. మన ఆటోక్రాస్‌లో ఒక్కో పరుగు నిమిషాల్లో ముగుస్తుంది. మధ్యలో తరిగే పెట్రోలును పట్టించుకోనక్కర్లేదు, ఎంతతో బయలుదేరుతున్నామన్నదే లెక్క. ఈ తేడాను షెడ్డు యజమాని అడగకుండానే వివరించారు.

బరువు తగ్గుతుంది కదా అని ఐదు లీటర్లతో వెళ్లడాన్ని ఆయన ఒప్పుకోలేదు. మట్టిలో బండి పక్కకు జారుతూ పొడుగాటి మలుపు తిరిగేటప్పుడు పెట్రోలంతా ట్యాంకులో ఒక గోడకు చేరి, పంపు గాలి పీల్చి, ఇంజను సరిగ్గా జోరు కావలసిన చోట తడబడుతుంది. లోపల అడ్డు రేకులు గానీ స్పాంజి గానీ లేని మామూలు ట్యాంకుకు పదిహేను లీటర్లు ఉండనిమ్మన్నారు. తూచినప్పటి పది లీటర్ల కంటే ఎక్కువైన ఐదు లీటర్ల బరువు నాలుగు కిలోల లోపే కాబట్టి ఈ సలహా నాకు నచ్చింది. ఖాళీ స్థలంలో అదే మలుపును రెండు వైపులా తిప్పి చూస్తే బండి ఒకేలా జారింది; అంతకుముందు ఎడమకు తిప్పినప్పుడు ముందు భాగం బయటికి తోసుకుపోయేది.

లోపాలు లేవని కాదు. డ్రైవరు రాలేకపోతే సీట్లో ఇరవై ఐదు కిలోల బియ్యం బస్తాలు మూడు పెట్టి తూస్తున్నారు. బస్తా సీట్లోనే కూలబడుతుంది, మనిషి కాళ్ల బరువు మాత్రం పెడళ్ల దగ్గర పడుతుంది. ముందు చక్రాల అంకె అక్కడే తప్పుతుంది. నేను బస్తాలు దింపించి నేనే కూర్చున్నాను. చేతికిచ్చిన కాగితంలో నాలుగు అంకెలూ శాతాలూ ఉన్నాయి గానీ, ఎన్ని లీటర్లతో, టైర్లలో ఎంత గాలితో తూచారో రాయడానికి గడి కూడా లేదు. అడిగితే వెనక పెన్నుతో రాసిచ్చారు. అక్కడి కుర్రవాడొకడు అమెరికా ఓవల్ రేసుల వీడియోలు చూసి, ఎడమ వైపు బరువు పెంచితే బండి ఎగిరిపోతుందని ప్రతి కస్టమరుకూ చెబుతున్నాడు. ఎప్పుడూ ఎడమకే తిరిగే ట్రాకుకు అది సరైన మాటే, మన మైదానాలకు కాదు.

రుసుము నాలుగు వేల ఐదు వందలు. స్ప్రింగు సీట్లు తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంటే విప్పే కూలి వేరు. పని పూర్తయ్యేసరికి ఒక పూట పడుతుంది. జిప్సీ ఉన్నవాళ్లు మాత్రం ముందు ఫోనులో మాట్లాడుకుని వెళ్లడం మంచిది. నాలుగు మూలలా కమాన్ కట్టలే ఉన్న ఆ బండిని తూచి అంకెలు ఇస్తారు, కానీ ఎత్తు సర్దే ఏర్పాటు లేదు కాబట్టి అడ్డకోణపు బరువును అక్కడికక్కడ మార్చలేరు, రుసుము మాత్రం పూర్తిగా తీసుకుంటారు.