ఇంట్లో చేసిన ఎయిర్ స్కూపులున్న మియాటా కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

డాలస్ చుట్టుపక్కల సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కోసం వెతుకుతున్న మనవాళ్ల కోసం రాస్తున్నాను. వేరే ఊళ్లలో ఉన్నవాళ్లకూ పనికొస్తుంది, చదవండి.

మే నెలలో ఒక 1999 మాజ్డా మియాటా కొన్నాను, టాప్ తీసుకునే వీలున్న చిన్న స్పోర్ట్స్ కారు. నల్ల రంగు, మాన్యువల్ గేర్లు, 1.8 లీటర్ల ఇంజిన్. అదే కారు మామూలుగా ఉన్నదైతే 5,500 డాలర్లకు వచ్చేది. నేను ఇచ్చింది 7,000. ఆ పదిహేను వందలు దేనికంటే, బానెట్ మీద రెండు, ఫెండర్లకు చెరొకటి, ముక్కు కింద ఒకటి, మొత్తం ఐదు ఎయిర్ స్కూపులకు, అంటే బయటి గాలిని లోపలికి తీసుకునే నోళ్లకు. అమ్మినాయన తన గ్యారేజీలో స్వయంగా చేశాడట. "ట్రాక్ మీద గంటసేపు తిప్పినా కూలెంట్ 195 దాటదు" అన్నాడు. ఫారెన్‌హీట్‌లో చెప్పాడు, మన లెక్కలో దాదాపు 90 డిగ్రీలు. కూలెంట్ అంటే ఇంజిన్ వేడిని రేడియేటర్‌కు మోసుకెళ్లే ద్రవం. ఫోటోల్లో చూస్తే నిజంగానే రేసు కారులా ఉంది.

టెస్ట్ డ్రైవ్ పొద్దున్నే ఎనిమిదింటికి పెట్టాడు. పదిహేను నిమిషాలు తిప్పాను. చల్లటి గాలి, ఖాళీ రోడ్డు. ఆ పూట ఆటో రిక్షా ఇంజిన్ పెట్టినా వేడెక్కదు. డబ్బులిచ్చి తెచ్చేసుకున్నాను. మా ఆవిడ కారు చుట్టూ ఒకసారి తిరిగి, "ఇదేంటండీ, దీనికి ఒళ్లంతా చెవులు మొలిచాయి?" అంది. అరగంట సేపు గాలి సిద్ధాంతం మొత్తం వివరించాను. అందులో సగం తప్పని తర్వాత తెలిసింది.

జూన్‌లో ఒక శనివారం మధ్యాహ్నం, బయట 103 డిగ్రీలు, అంటే 39 సెల్సియస్. ఎల్‌బీజే ఫ్రీవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను. అమెరికాలో 1996 నుంచి వచ్చిన కార్లన్నింటికీ ఓబీడీ 2 సాకెట్, అంటే కారు కంప్యూటర్ అంకెలు చదివే పోర్టు, ఉంటుంది కాబట్టి చిన్న స్కానర్ పెట్టి ఫోన్‌లో కూలెంట్ టెంపరేచర్ చూస్తున్నాను. డ్యాష్‌బోర్డు ముల్లు మధ్యలోనే హాయిగా నిలబడి ఉంది. దాన్ని నమ్మకండి. చాలా కార్లలో ఆ ముల్లు పరిస్థితి చెయ్యి దాటేదాకా మధ్యలోంచి కదలదు. ఫోన్‌లో మాత్రం 221, 224 చూపిస్తోంది. ట్రాఫిక్ వదిలితే గాలి తగిలి దిగుతుందిలే అనుకున్నాను. వదిలింది. 75 మైళ్ల వేగం అందుకున్నాను. దిగలేదు సరికదా, 230 దాటి 236కు ఎక్కింది.

ఇక్కడే నాకు అసలు భయం వేసింది. నెమ్మదిగా పోతున్నప్పుడు వేడెక్కితే ఫ్యాన్ తప్పు కావచ్చు. వేగం పెరిగేకొద్దీ వేడెక్కుతోందంటే గాలి దారిలోనో, కూలెంట్ దారిలోనో ఏదో అడ్డం ఉండి ఉండాలి. ఏసీ ఆపేసి హీటర్ ఫుల్లుగా పెట్టాను. హీటర్ లోపల కూడా ఒక బుల్లి రేడియేటర్ ఉంటుంది, ఇంజిన్ వేడిలో కొంత దాని గుండా బయటకు పోతుంది. 103 డిగ్రీల ఎండలో, టాప్ తీసేసి, ముఖానికి హీటర్ పెట్టుకుని రోడ్డు పక్క షోల్డర్ దాకా వెళ్లాను. పక్క లేన్‌లో ఒకావిడ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

మర్నాడు మా బావమరిది వచ్చాడు. వాడు రేసు ట్రాక్ మీద సొంత కార్లు తిప్పే ట్రాక్ డేలకు వెళ్తుంటాడు, నాకంటే నయం. బానెట్ ఎత్తి టార్చ్ వేసి, రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "బావా, ఇక్కడ ఎవరిదో ఫోన్ నంబరుంది" అన్నాడు. స్కూప్ లోపలి గోడ దేనితో చేశాడనుకున్నారు? ఇళ్లు అమ్మేవాళ్లు లాన్‌లో గుచ్చుతారే, ఆ ప్లాస్టిక్ బోర్డుతో. పైన నల్ల స్ప్రే పెయింట్, లోపల రియల్టర్ పేరు, ఫోన్ నంబరు, సగం ముఖం. పైన పటారం, లోన లొటారం అంటారే, అక్షరాలా అదే.

ఇంకా విప్పాం. ముక్కు కింద స్కూప్ నుంచి బట్టల డ్రయ్యర్‌కు వాడే వెండి రంగు గొట్టం ఒకటి పైకి వెళ్లింది. వెళ్లి రేడియేటర్‌కు జానెడు దూరంలో ఆగిపోయింది. అక్కడి నుంచి గాలి రేడియేటర్‌లోకే వెళ్లాలని ఏముంది, పక్క సందుల్లోంచి జారిపోతుంది. ఆ గొట్టం పట్టడానికి కారు కింద ఉండే ప్లాస్టిక్ ట్రేను రంపంతో కోసేశాడు. మియాటాలో ఆ ట్రే ఊరికే బురద పడకుండా పెట్టింది కాదు. ముందు నుంచి వచ్చిన గాలి కిందికి జారిపోకుండా రేడియేటర్ వైపు నెట్టేది అదే. అంటే డబ్బులు పెట్టి కొన్న స్కూప్ కోసం కంపెనీ ఇచ్చిన అసలు స్కూప్‌ను కోసి పారేశారన్నమాట.

బానెట్ మీది రెండు ఇంకా విచిత్రం. అవి నాకా డక్టులని ప్రకటనలో రాశాడు. అమెరికా విమాన పరిశోధన సంస్థ నాకా 1945లో బయటపెట్టిన డిజైన్ అది. ఉపరితలం కన్నా లోపలికి దిగి ఉంటుంది, ముందు సన్నగా మొదలై వెనక్కి పోయేకొద్దీ వంపు తిరుగుతూ వెడల్పవుతుంది. మా కారుకు వెడల్పు వైపు ముందుకు పెట్టి బిగించాడు. చూడ్డానికి నోరు తెరిచినట్టు ఉంటుందని కాబోలు. పైగా బానెట్ అడుగున ఉండే, దానికి బలాన్నిచ్చే ఫ్రేమ్‌ను రెండు చోట్ల కోశాడు. 70 దాటితే బానెట్ ఎందుకు వణికేదో అప్పుడు అర్థమైంది. ఈ కారు బానెట్ అల్యూమినియం. దానికి ఇనప స్క్రూలు బిగించాడు. రెండు లోహాలు కలిసిన చోట నీళ్లు తగిలితే అల్యూమినియం తుప్పు పట్టి అరిగిపోతుంది. ప్రతి స్క్రూ చుట్టూ తెల్లటి పొడి. గోటితో గీరితే రాలింది.

ఇంతకీ స్కూపులు ఎన్ని పెట్టినా ఎందుకు చల్లబడలేదు? మన ఇళ్లలో ఎండాకాలం కూలర్ పెట్టుకున్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. గదిలో కూలర్ పెట్టి ఎదురు కిటికీ మూసేస్తే ఉక్కపోత తప్ప గాలి ఆడదు. రేడియేటర్ కూడా అంతే. దాని ముందు ఒత్తిడి ఎక్కువ, వెనక తక్కువ ఉంటేనే గాలి అందులోంచి పోతుంది. బానెట్ మీది స్కూపులు ముందుకు నోరు తెరిచి, రేడియేటర్ వెనకున్న ఇంజిన్ గదిలోకి గాలి కుక్కుతున్నాయి. వెనక ఒత్తిడి పెరిగింది, రేడియేటర్‌లోంచి వచ్చే గాలికి బయటపడే దారి లేదు. ఎంత వేగంగా పోతే అంత ఎక్కువ కుక్కుతాయి. 75లో ఎందుకు ఎక్కిందో తేలిపోయింది.

ఊరికే అనుకోకుండా కొలిచి కూడా చూశాం. సన్నటి ప్లాస్టిక్ గొట్టాన్ని యూ ఆకారంలో అట్టకు అంటించి, స్వీట్లలో వేసే కేసరి రంగు కలిపిన నీళ్లు పోశాం. ఒక కొస రేడియేటర్ ముందు, ఇంకో కొస వెనక. బావమరిది నడుపుతుంటే నేను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. 60 మైళ్ల వేగంలో ఎదురుగాలి ఒత్తిడి మొత్తం కలిపినా నాలుగున్నర సెంటీమీటర్ల నీటి ఎత్తుకు మించదు. 30 మైళ్లకు అందులో నాలుగో వంతే. ఇంత చిన్న ఒత్తిడితో ఆడే ఆట కాబట్టే ప్రతి సందూ లెక్కలోకి వస్తుంది. స్కూపులు తెరిచి ఉన్నప్పుడు రెండు కొసల మధ్య తేడా 6 మిల్లీమీటర్లు. పెయింటింగ్ టేపుతో స్కూపులన్నీ మూసేసి అదే రోడ్డు మీద మళ్లీ తిప్పాం, 13. కూలెంట్ కూడా 9 డిగ్రీలు దిగింది. నేను 1,500 పెట్టి కొన్నవాటి కన్నా మూడు డాలర్ల టేపు నయం అనిపించింది.

అయినా అసలు జబ్బు ఇంకా బయటపడలేదు. రేడియేటర్ విప్పి నీళ్లు కొడితే డికాక్షన్ లాంటిది వచ్చింది. సగం ట్యూబులు పూడుకుపోయాయి. బొటనవేలితో రుద్దితే రేకులు పొడిపొడిగా రాలాయి. కారు ముందే వేడెక్కుతోంది. ఆయన రేడియేటర్ మార్చకుండా స్కూపులు తగిలించాడు, అవి ఉన్న కాస్త గాలినీ ఆపేశాయి. జ్వరం వచ్చిన మనిషికి ఐదు విసనకర్రలు కట్టి, ఆరోగ్యవంతుడని చెప్పి అంటగట్టినట్టుంది.

కాబట్టి అలాంటి కారు చూడ్డానికి వెళ్తే ముందు అడగాల్సింది ఒక్కటే: "ఇవి పెట్టకముందు ఎంత వేడెక్కేది?" జవాబు తడబడితే వెనక్కి వచ్చేయండి. పొద్దున్నే రమ్మంటే కుదరదని మధ్యాహ్నం మూడింటికి వెళ్లండి. మీ సొంత స్కానర్ పట్టుకెళ్లండి. ఏసీ వేసి పది నిమిషాలు నిలబెట్టి చూసి, తర్వాత ఫ్రీవే మీదకు తీసుకెళ్లండి. వేగం అందుకున్నాక అంకె దిగాలి. బానెట్ ఎత్తి స్కూప్‌ను పై నుంచి కాదు, వెనక నుంచి చూడండి. దాని కొస ఎక్కడ ఆగింది, రేడియేటర్ చుట్టూ సందులు మూసే ఫోమ్ ఉందా, కింద ట్రే ఉందా, లోపలికి వచ్చిన గాలి ఎటు నుంచి బయటకు పోతోంది. బానెట్ వెనక అంచు కింద వాషర్లు పెట్టి ఎత్తి ఉంటే, వేడి గాలి అటు నుంచి పోతుందని చెబుతారు. కానీ వేగంలో ముందు అద్దం మొదట్లో ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది, బయటి గాలే లోపలికి వస్తుంది. 1970లో షెవర్లే వాళ్లు షెవెల్‌లో ఇంజిన్‌కు గాలి తీసుకోవడానికి ఆ చోటునే వాడుకున్నారు. మా కారుకూ ఆ వాషర్లున్నాయి, చెప్పడం మరిచాను.

హెడ్ గ్యాస్కెట్ సంగతి మాత్రం వదలొద్దు. ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీల్ అది, బాగా వేడెక్కితే పాడవచ్చు. బ్లాక్ టెస్టర్ అని ఒకటి ఉంటుంది, నీలం ద్రవం పోసి రేడియేటర్ మూతి దగ్గర పెడతారు. మండిన గ్యాస్ కూలెంట్‌లోకి వస్తుంటే అది పసుపు రంగుకు మారుతుంది. చల్లారిన తర్వాతే మూత తియ్యాలి, మర్చిపోకండి. మాది నీలంగానే ఉంది. వెంకన్నకు ఒక కొబ్బరికాయ బాకీ.

ఇంట్లో చేసిన ప్రతి స్కూపూ చెత్తే అనడం లేదు. ఇంజిన్ వెనక ఉండే టయోటా ఎమ్మార్ 2 లాంటి కార్లకు పక్కల్లో గాలి దారి నిజంగానే అవసరం. ఉన్ని దారాలు అంటించి, గాలి ఎటు పోతోందో చూసుకుని, ఓపిగ్గా చేసేవాళ్లున్నారు. వాళ్ల దగ్గర ఫోటోలుంటాయి, అంకెలుంటాయి, అడక్కుండానే చూపిస్తారు. సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ బానెట్ మీద స్కూప్ ఉంది కదా అని మాత్రం ఎవరైనా అంటే, అది టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కోసమని చెప్పండి.

డబ్బు వెనక్కి వస్తుందా అంటే, రాదు. ఉన్నది ఉన్నట్టుగా అని సంతకం పెట్టి కొన్నాను. పైగా 2025 జనవరి నుంచి టెక్సాస్‌లో సొంత కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షనే తీసేశారు. కోసిన బానెట్ ఫ్రేమ్‌ను మీరు పట్టుకుంటే పట్టుకున్నట్టు, లేకపోతే లేదు. నాకు రేడియేటర్, ట్రే, ఫోమ్, జంక్ యార్డు బానెట్ కలిపి 640 డాలర్లయింది. బానెట్ ఆకుపచ్చది దొరికింది. నల్ల కారుకు ఆకుపచ్చ బానెట్. చెవులే నయమని మా ఆవిడ అంటోంది. కారు మాత్రం మొన్న 101 డిగ్రీల ఎండలో అదే రోడ్డు మీద 199 దగ్గర నిలబడింది.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం, పోయిన వారం ఇంకో ప్రకటన చూశాను. ఈసారి ఎర్ర కారు. అదే గ్యారేజీ తలుపు, అదే 195 మాట, బానెట్ మీద అవే రెండు తిరగేసిన నాకా డక్టులు. ఎవరైనా చూడ్డానికి వెళ్తే టార్చ్ పట్టుకెళ్లండి. స్కూప్ లోపల రియల్టర్ ముఖంలో మిగతా సగం కనిపిస్తే ఒక ఫోటో తీసి నాకు పంపండి.