లోగో అక్షరం కోసం రాజమండ్రి నుంచి పాలకొల్లు దాకా

అరవై టీషర్టుల మీద కంపెనీ లోగో కుట్టించడానికి రాజమండ్రి వెళ్తే పన్నెండు చొక్కాలు పాడయ్యాయి, మొత్తం 5,420 రూపాయలు నీళ్లపాలయ్యాయి. అదే లోగో పాలకొల్లులో చిన్న సందులోని షాపులో అచ్చు దించినట్టు వచ్చింది. తేడా మిషన్‌లో లేదు, రెండు చోట్లా మిషన్ ఒకలాంటిదే. తేడా అంతా ఫాంట్ (అక్షరాల ఆకృతి) దగ్గర, ఫైలు దగ్గర, కుట్టే తీరు దగ్గరే.

టీషర్టుల వరకు రాజమండ్రికి వంక పెట్టలేం. తాడితోట హోల్‌సేల్ మార్కెట్లో కాలరున్న మ్యాటీ టీషర్టు 285 చొప్పున అరవై, 17,100 రూపాయలు, అరగంటలో పని అయిపోయింది. అక్కడికి దగ్గర్లోనే ఒక కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపు. పంచింగ్‌కి, అంటే లోగోని మిషన్ కుట్టే ఫైలుగా మార్చడానికి 600, చొక్కాకి 45 అన్నారు. పంచింగ్‌తో కలిపి రెండు వేలు అడ్వాన్సు తీసుకున్నారు. "సేమ్ టు సేమ్ వచ్చేస్తుందండి, సాయంత్రం వచ్చి పట్టుకెళ్లండి" అన్నారు. శాంపిల్ కుట్టి చూపించమని మేం అడగలేదు, వాళ్లూ చూపించలేదు.

సాయంత్రానికి పన్నెండు అయ్యాయి. మా వెంట వచ్చిన సేల్స్ కుర్రాడు మొదటి చొక్కా విప్పగానే "ఇది మన లోగో కాదు సార్" అన్నాడు. షాపు ఆయన మాత్రం ఫోన్‌లోని బొమ్మ పక్కన పెట్టి, పొడవు కూడా సరిపోయిందని వాదించాడు. పొడవు నిజంగానే సరిపోయింది, చిక్కంతా అక్కడే ఉంది. మా లోగోలోని ఇంగ్లీషు అక్షరాలు హెల్వెటికా బోల్డ్, 1957 నాటి ఫాంట్. వాళ్లు కుట్టింది ఏరియల్, 1982లో వచ్చింది. ఏరియల్ అక్షరాల వెడల్పుల్ని హెల్వెటికాకి సరిపోయేలాగే తయారుచేశారు కాబట్టి పదం పొడవు మారదు, కన్ను మోసపోతుంది. అక్షరాన్ని దగ్గరగా చూస్తేనే దొరుకుతుంది. పెద్ద 'ఆర్' కాలు నిలువుగా దిగి చివర కొద్దిగా వంగాలి, వీళ్లది ఏటవాలుగా జారిపోయింది. 'జీ'కి కుడివైపు కింద ఉండాల్సిన చిన్న ముల్లు లేదు. చిన్న 'టీ' తల అడ్డంగా కోసినట్టుండాలి, ఇక్కడ వాలుగా చెక్కినట్టుంది.

ఇలా ఎందుకైందంటే, మా ఆఫీసు నుంచి వెళ్లిన కోరెల్‌డ్రా (డిజైన్ సాఫ్ట్‌వేర్) ఫైల్లో అక్షరాలు టైపు చేసినవి టైపు చేసినట్టే ఉన్నాయి, కర్వ్స్‌గా, అంటే ఫాంట్‌తో పనిలేని గీతల బొమ్మగా మార్చలేదు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే కోరెల్‌డ్రా దగ్గర్లో ఉన్న వేరే ఫాంట్ పెట్టమంటావా అని అడుగుతుంది. అక్కడ ఓకే నొక్కేశారు. పంపేముందు అక్షరాలన్నీ సెలెక్ట్ చేసి కంట్రోల్, క్యూ నొక్కితే ఈ గొడవే లేదు. ఈ ఒక్క తప్పు మాది, ఒప్పుకుంటాం.

మిగతావి మాత్రం షాపువే. 75 మిల్లీమీటర్లకి పంచ్ చేసిన డీఎస్‌టీ ఫైలుని (ఎంబ్రాయిడరీ మిషన్ చదివే ఫైలు) మిషన్‌లోనే 90కి సాగదీశారు. డీఎస్‌టీలో ఉండేది సూది ఎక్కడెక్కడ దిగాలన్న లెక్క మాత్రమే. ఇరవై శాతం సాగదీస్తే కుట్ల సంఖ్య పెరగదు, కుట్టుకీ కుట్టుకీ మధ్య దూరం 0.4 నుంచి 0.48 మిల్లీమీటర్లకి పెరుగుతుంది. అందుకే దారాల సందుల్లోంచి గుడ్డ కనపడింది. పైగా సాగే మ్యాటీ గుడ్డ కింద చింపేసే పేపర్ వేశారు, లోగో చుట్టూ ముడతలు. కింది చిన్న లైను 4 మిల్లీమీటర్ల అక్షరాల్ని నెంబర్ 40 దారంతో కుట్టేసరికి 'ఏ', 'ఈ' అక్షరాల కడుపులు పూడిపోయాయి. అడ్వాన్సు వెనక్కి ఇవ్వలేదు, చొక్కాల 3,420 సంగతి ఎత్తనేలేదు. అకౌంట్స్ చూసే పెద్దాయన ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు. లాడ్జి 1,400, శుభ్రంగా ఉంది.

మర్నాడు రావులపాలెం, సిద్ధాంతం మీదుగా పాలకొల్లు. కారుకి 3,200. అక్కడి షాపు ఆయన లోగో చూసి ముందు అడిగింది ధర కాదు. "కంపెనీ బ్రాండ్ మాన్యువల్ పీడీఎఫ్ ఉందా అండి? ఈ లోగో వాడుకోవచ్చని లెటర్ ఉందా?" అన్నాడు. మాన్యువల్ అంటే లోగో ఎలా వాడాలో చెప్పే పుస్తకం. రెండూ హెడ్డాఫీసు నుంచి గంటలో మెయిల్‌లో తెప్పించాం. పీడీఎఫ్‌ని 6400 శాతం పెద్దది చేసి అంచులు పగలడం లేదని చూశాడు. ప్రాపర్టీస్‌లో ఫాంట్స్ అన్నచోట పేరు చూశాడు. అక్కడ కనిపించే పేర్లలో లోగో ఫాంట్ ఉండొచ్చు, ఖాళీగా ఉంటే అక్షరాలు కర్వ్స్ అయిపోయినట్టు. అసలు ఫైలే లేకపోతే వాట్‌ద‌ఫాంట్ లాంటి సైట్లో బొమ్మ పెట్టి వెతకొచ్చు గానీ, దాని మాట ఆఖరిది అనుకోకూడదు. చాలా లోగోల్లో ఒకటి రెండు అక్షరాలు చేత్తో దిద్దినవి ఉంటాయి, అవి ఏ ఫాంట్‌లోనూ దొరకవు. కొన్న ఫాంట్ ఫైలుని షాపుకి పంపొద్దు, మామూలుగా లైసెన్సు ఒప్పుకోదు. కర్వ్స్ చాలు.

ఆ తర్వాత ఆయన చేసింది చూసి సేల్స్ కుర్రాడు కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు. ఫాంట్‌ని ఉన్నదున్నట్టు కుట్టితే అది ఆ ఫాంట్‌లా కనపడదు. దారం బిగిసినప్పుడు గుడ్డ కుట్టు దిశలో లోపలికి లాక్కుంటుంది, గుండ్రటి 'ఓ' కోలగా అవుతుంది. నిలువు గీతల చివర్లేమో బయటికి పొడుచుకొస్తాయి. అందుకని అక్షరాల వెడల్పుకి 0.3 మిల్లీమీటరు కలిపాడు, నిలువు గీతల చివర్లు కాస్త కురచ చేశాడు, 'ఈ' కడుపు కొద్దిగా తెరిచాడు, అక్షరాల మధ్య దూరం పెంచాడు. మిల్లీమీటరు కన్నా సన్నటి గీత ఏదీ ఉంచలేదు. కింది లైనుని 5 మిల్లీమీటర్లకి పెంచి, నెంబర్ 60 సన్న దారం, 65 సూది పెట్టాడు. గుడ్డ కింద, కుట్టాక అంచులు కత్తిరించే బక్రం, పైన నీళ్లలో కరిగే ప్లాస్టిక్ పొర. రంగు కోసం ప్యాంటోన్ నెంబరు (రంగులకి ఇచ్చే గుర్తింపు నెంబరు) చూసి, దారం కండెలు బయట ఎండలోకి తెచ్చి ఎంచాడు.

పంచింగ్ 900, పాత గుడ్డ మీద శాంపిల్ 150, చొక్కాకి 55. నలభై ఎనిమిదికి మొత్తం 3,690. లోగోకి 6,200 కుట్లు, నిమిషానికి 650 వేగం, దారం మార్చడంతో కలిపి చొక్కాకి పన్నెండు నిమిషాలు. ఒకసారికి ఒక్క చొక్కానే కుట్టే ఒకే తల మిషన్ కాబట్టి రోజున్నర పట్టింది. లాడ్జి రెండు రాత్రులు, రోజుకి 1,500, దోమలు. ఆ ఖాళీలో క్షీరారామం, అరటాకు భోజనం. పెద్దాయన మొహం అప్పుడు కాస్త తేరుకుంది.

దగ్గరే కదా అని నరసాపురం కూడా వెళ్లాం. అక్కడి క్రోషే లేసుకి 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. ఆడవాళ్లు కొక్కెం సూదితో అల్లే ఆ పని చూసి తీరాలి. కానీ చొక్కా మీద 5 మిల్లీమీటర్ల అక్షరం ఆ అల్లికలో రాదు, లోగో పట్టుకుని అక్కడికి వెళ్లొద్దు. టేబుల్ క్లాత్‌లు కొనండి.

తెలుగు పేరు కూడా కుట్టించాలంటే ఇంకో జాగ్రత్త. అను అనే తెలుగు ఫాంట్లలో టైపు చేసింది, అను లేని కంప్యూటర్‌లో పిచ్చిగీతలవుతుంది, అదీ కర్వ్స్‌గానే ఇవ్వాలి. ఇంగ్లీషు అక్షరానికి 5 మిల్లీమీటర్లు సరిపోయినా, పైన గుడి, కింద వత్తు ఉన్న తెలుగు అక్షరానికి 11, 12 ఉంటే గానీ వత్తు వత్తులా కనపడలేదు. టోపీలకి టీషర్టు ఫైలు పనికిరాదు. టోపీ మీద మధ్యలోంచి పక్కలకి, కిందనుంచి పైకి కుట్టాలి, వేరే పంచింగ్ చేయించండి. వచ్చేటప్పుడు డీఎస్‌టీతో పాటు ఈఎంబీ ఫైలూ (సాఫ్ట్‌వేర్‌లో దిద్దుకోగలిగే అసలు డిజైను) పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకోండి. రేపు సైజు మార్చాల్సి వస్తే కుట్ల లెక్క దాంట్లోనే సరిగ్గా మారుతుంది. దారం నెంబర్లు బిల్లు వెనక రాయించుకోండి.

పాడైన పన్నెండింటిలో ఒకదాని కుట్లు పాలకొల్లు ఆయనే విప్పి చూపించాడు. గుడ్డ మీద 'ఆర్' ఆకారంలో సూది చిల్లులు వరసగా మిగిలాయి.