పేపర్ చదవకూడని వర్క్‌షాప్: కొన్నేళ్లు వెళ్లాక

మా యూనివర్సిటీలో మధ్యధరా సాహిత్యం మీద నడిచే ఈ వర్క్‌షాప్‌లో ఎవరూ పరిశోధన పేపర్‌ను పైకి చదవరు. నేను ఇన్నేళ్లుగా వదలకుండా వెళ్తున్నానంటే మొదటి కారణం అదే. పేపర్ వారం ముందు మెయిల్‌లో వస్తుంది. ఎవరింట్లో వాళ్లు చదువుకుని రావాలి. గదిలోకి వచ్చాక రాసినవారు నోరు మెదపకూడదు. రెస్పాండెంట్ అని ఇంకొకరుంటారు. ఆ పేపర్ ఏం చెబుతోందో, ఎక్కడ వదులుగా ఉందో పది నిమిషాల్లో వాళ్లు చెప్తారు. తర్వాత బల్ల చుట్టూ ఉన్నవాళ్లు మాట్లాడుకుంటారు. ఇదంతా అయ్యాకే రాసినవారి వంతు.

మన దగ్గర యూనివర్సిటీ సెమినార్లకు వెళ్లినవాళ్లకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ముఖ్య అతిథి ఆలస్యం, ఆయన వెళ్లగానే సగం ఖాళీ అయ్యే హాలు, మిగిలినవాళ్లు తల వంచుకుని కాగితాలు గబగబా చదివేయడం, ‘టైమైంది సార్’ అంటూ చేతికో చీటీ. ప్రశ్నలకు టైముండదు, సర్టిఫికెట్లకు మాత్రం ఉంటుంది. హైదరాబాద్‌లో ఎం.ఏ. చదివే రోజుల్లో ఇలాంటివి బోలెడు చూశాను.

నేను చెప్పేది అమెరికా మిడ్‌వెస్ట్‌లోని ఒక యూనివర్సిటీ నడిపే వర్క్‌షాప్ గురించి. నేనక్కడ లైబ్రరీలో పనిచేస్తాను. పాఠాలు చెప్పేదాన్నీ కాను, పరిశోధకురాలినీ కాను. విషయం మధ్యయుగ, తొలి ఆధునిక కాలాల మధ్యధరా సాహిత్యం. స్పెయిన్ నుంచి సిరియా దాకా ఆ సముద్రం చుట్టూ అరబ్బీ, హీబ్రూ, గ్రీకు, లాటిన్, ఇటాలియన్, కాస్టీలియన్ (స్పానిష్), టర్కిష్‌లలో పుట్టినవాటిని దేశాలవారీగా విడగొట్టకుండా పక్కపక్కన పెట్టి చదవడం. మధ్యధరా అనే మాటకు ఎల్లలు ఎక్కడ అనే సిద్ధాంత చర్చ ఏటా ఒకసారి వస్తుంది, ఎటూ తేలకుండా పోతుంది. దాని జోలికి పోను.

ఒక చలికాలంలో, పంచతంత్రానికి అరబ్బీ రూపమైన ‘కలీలా వ దిమ్నా’ మీద పేపర్ వచ్చింది. చిన్నయసూరి నీతిచంద్రిక చదివినవాళ్లకు ఇందులోని రెండు నక్కలూ పాత చుట్టాలే. కరటకుడు కలీలా, దమనకుడు దిమ్నా. పంచతంత్రం 6వ శతాబ్దంలో పహ్లవీలోకి, అంటే ఆనాటి పారశీకంలోకి వెళ్తే, 8వ శతాబ్దంలో ఇబ్న్ అల్ ముఖఫ్ఫా దాన్ని అరబ్బీలోకి తెచ్చాడు. అక్కణ్నుంచి 11వ శతాబ్దం చివర్లో సిమియన్ సేథ్ చేతిమీదుగా గ్రీకులోకి, 1251 ప్రాంతంలో కాస్టీలియన్‌లోకి వెళ్లింది. హీబ్రూ నుంచి కాపువా జాన్ దాన్ని లాటిన్‌లోకి మార్చింది కూడా 13వ శతాబ్దంలోనే. ఆ సముద్రం చుట్టూ ఈ నక్కలు తిరగని రేవు తక్కువ.

పేపర్ మాత్రం ఒక్క అధ్యాయం మీదే రాశారు. దిమ్నా విచారణ. ఇది మన పంచతంత్రంలో లేదు, అరబ్బీలో చేరింది. ఇబ్న్ అల్ ముఖఫ్ఫానే చేర్చి ఉంటాడని ఎక్కువమంది అంటారు. దిమ్నా చాడీలు నమ్మి సింహం ఎద్దును చంపేశాక, కలీలా దిమ్నాను తిడుతుండగా ఒక చిరుతపులి చాటుగా వింటుంది. వెళ్లి సింహం తల్లికి చెబుతుంది. తల్లి ఊరుకోదు. దిమ్నాను ఖైదు చేసి కొలువులో విచారణ పెడతారు. దిమ్నా తొణకడు. ఏ ఆరోపణ వచ్చినా ఒక కథ చెప్పి తిప్పికొడతాడు. వంటశాల పెద్ద అయిన పంది లేచి, వీడి కన్ను ఇలా ఉంది, ముక్కు అలా ఉంది, దుర్మార్గుడి లక్షణాలన్నీ ఉన్నాయంటుంది. ముందు నీ అవతారం చూసుకో అని దిమ్నా దాన్ని కొలువు మధ్యలో కడిగేస్తాడు. ఈలోపు కలీలా దిగులుతో చనిపోతాడు. చివరికి చిరుతపులి, జైల్లో కలీలా, దిమ్నాల మాటలు విన్న ఇంకో జంతువు, ఇద్దరూ సాక్ష్యం చెబితే గానీ దిమ్నాకు శిక్ష పడదు.

చర్చ ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయింది. ఎద్దును ఒక్క మాటైనా అడగకుండా చంపిన సింహానికి దిమ్నా విషయంలో ఇన్ని వాయిదాలు, ఇంతమంది సాక్షులు ఎందుకు? న్యాయశాస్త్ర చరిత్ర చెప్పే ప్రొఫెసర్ ఒకావిడ, ఇద్దరు సాక్షులు ఉండాలనే నియమాన్నే కథగా మలిచారంది. అరబ్బీ చెప్పే ఆయన ఒప్పుకోలేదు. మనకు దొరికిన రాతప్రతులన్నీ అనువాదం జరిగిన కొన్ని వందల ఏళ్ల తర్వాతివి, ఒకదానికొకటి పొంతన ఉండదు, ఏది ఎవరు చేర్చారో ఎలా చెప్తారన్నాడు. రెస్పాండెంట్ ఇబ్న్ అల్ ముఖఫ్ఫా సంగతి ఎత్తాడు. కొలువుల్లో రాయసగాడిగా బతికినవాడు, చివరికి బస్రాలో అధికారి చేతిలోనే చచ్చాడు, అలాంటివాడు విచారణ లేకుండా పడే శిక్ష గురించి ఆలోచించకుండా ఉంటాడా అని.

అప్పుడు నేను మాట్లాడాను. మా దమనకుడికి ఏ శిక్షా పడదు అన్నాను. ఎద్దు సంజీవకుణ్ని చంపాక సింహం పింగళకుడు బాధపడుతుంటే, ఆ దమనకుడే వచ్చి రాజులు ఇలాంటివాటికి దిగులుపడకూడదని ఓదారుస్తాడు. కథ అక్కడితో సరి. ఇది వాళ్లకు తెలియంది కాదు, పేపర్‌లో ఫుట్‌నోట్ కూడా ఉంది. కానీ ఆ ముగింపుతో పెరిగిన మనిషి ఆ బల్ల దగ్గర నేనొక్కదాన్నే. వాడు తప్పించుకున్నాడేమని పిల్లలు అడగరా అని ఆ ప్రొఫెసర్ నన్నే అడిగింది. మా క్లాసులో ఎవరూ అడిగిన గుర్తులేదు. చాడీలు వింటే నష్టపోయేది రాజేనని మా తెలుగు మాస్టారు చెప్పేవారు. కథంతా రాజకొడుకులకు చెప్పే పాఠమైనప్పుడు మంత్రికి శిక్ష ఎందుకు? నేను ఈ మాట అన్నాక చర్చ దారే మారింది. సంస్కృత కథ సింహాసనం మీద కూర్చునేవాడితో మాట్లాడుతోంది, అరబ్బీ అధ్యాయం ఆ సింహాసనం ముందు నిలబడేవాళ్లతో మాట్లాడుతోంది అని ఎవరో అన్నారు. అప్పటిదాకా చెయ్యి కదల్చని పేపర్ రచయిత గబగబా రాసుకోవడం మొదలుపెట్టాడు. తర్వాత అది అచ్చయినప్పుడు చూశాను, ఫుట్‌నోట్‌లో ఉన్న దమనకుడు పేజీ మీదకు ఎక్కాడు.

పేపర్ పైకి చదివే సెమినార్ అయితే ఇది జరిగేది కాదు. ఉపన్యాసం అయ్యేసరికి టైమైపోయేది, నేను చప్పట్లు కొట్టి లిఫ్ట్ ఎక్కేదాన్ని.

అందరూ చదివి వస్తారని పైన అన్నట్టు ధ్వనించింది కాబట్టి కొంచెం సరిచేయాలి. మొదట్లో దాదాపు అందరూ చదివేవారు. ఇప్పుడు ఆ ‘దాదాపు’ బాగా సాగింది. ‘మొదటి భాగం మాత్రమే చూడగలిగాను గానీ’ అంటూ మొదలయ్యే ప్రశ్నలు ఎక్కువయ్యాయి. అందుకు నిర్వాహకులదీ బాధ్యత ఉంది. ఒకసారి మోరిస్కోల మీద పేపర్ వేశారు. వీళ్లు బలవంతంగా క్రైస్తవంలోకి మారిన స్పెయిన్ ముస్లింలు. 1609 నుంచి 1614 మధ్య వాళ్లను దేశం నుంచే వెళ్లగొట్టారు. స్పానిష్ మాటల్ని అరబ్బీ లిపిలో రాసుకుని దాచుకున్న వాళ్ల పుస్తకాలు 1884లో అల్మొనాసిద్ దె లా సియెర్రా అనే ఊళ్లో, ఒక పాత ఇల్లు పడగొడుతుంటే రహస్యంగా వేసిన చెక్క నేల కింద దొరికాయి. ఇంతకంటే మంచి విషయం ఏముంటుంది? నేను ఆ వారమంతా మెయిల్ చూస్తూనే ఉన్నాను. ముందురోజు రాత్రి పడుకునే వేళకు వచ్చింది. నవల అంత పొడుగు, కొటేషన్లకు అనువాదాలు లేవు. తెల్లారి గదిలో రెస్పాండెంట్‌తో సహా ఎవరూ పూర్తిగా చదవలేదు. ఏం చేస్తారు, పాపం పేపర్ రాసిన అమ్మాయినే సారాంశం చెప్పమన్నారు. ఆమె నలభై నిమిషాలు స్లైడ్లు తిప్పింది. ఎక్కడి నుంచి పారిపోయి ఈ వర్క్‌షాప్‌కు వచ్చానో సరిగ్గా అదే సెమినార్. శాలువా ఒక్కటే తక్కువ. నిర్వాహకులకు మెయిల్ పెడితే ‘ఇకముందు చూసుకుంటాం’ అన్నారు. చూసుకోవడం ఒక సెమిస్టర్ నడిచింది.

ఇంకొకటి. మధ్యధరా అన్నారే గానీ నెలల తరబడి స్పెయిన్, ఇటలీలే. ఉత్తర ఆఫ్రికాలోని అల్జీర్స్ అన్న పేరు వినపడిందంటే, ‘డాన్ క్విక్సోట్’ రాసిన సెర్వాంటెస్ 1575 నుంచి 1580 దాకా అక్కడ బందీగా ఉన్నాడన్న సందర్భంలోనే. అల్జీర్స్‌లో ఉన్నవాళ్లు ఏం రాసుకున్నారో ఎవరికీ పట్టదు. టర్కిష్ అరుదు. గ్రీకు వైపు నుంచి ఒకసారి క్రీట్ ద్వీపపు కావ్యం ఎరొతోక్రితోస్ వచ్చింది. వెనిస్ పాలనలో ఉన్న క్రీట్‌లో కొర్నారోస్ రాసింది, వెనిస్‌లో 1713లో అచ్చయింది. ఒక గ్రీకు విద్యార్థిని ఆ పదిహేను అక్షరాల పాదాలను రాగంతో పాడి వినిపించింది. చదివి ఊరుకుంటే ఆ నడక నాకు పట్టేది కాదు. అలాంటివి రెండేళ్లకొకటి తగిలినా గొప్పే.

2020 తర్వాత జూమ్ కూడా పెట్టారు. దూరాలవాళ్లు వస్తున్నారు, మంచిదే. కాకపోతే తెర మీది మొహాలకూ బల్ల దగ్గరివాళ్లకూ మాట కలవదు. చాట్‌లో ఒక చర్చ, గదిలో ఒక చర్చ. తిండి సంగతి అడిగేవాళ్లకు, శాకాహారులు పళ్లముక్కలతో సరిపెట్టుకోవాలి.

వెళ్లమంటారా అంటే, నాకు బాగుంది. నా డెస్క్ నుంచి రెండు బిల్డింగుల అవతలే ఆ గది. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, సాయంత్రాలు నావి. పేపర్ అచ్చు వేయించుకోవాలన్న టెన్షన్ లేదు, బాగా లేకపోతే మధ్యలో లేచి వచ్చేస్తాను. ఇవన్నీ లేనివాళ్లకు లెక్క వేరు. ఇక్కడే పీహెచ్‌డీ చేస్తున్న ఒక తెలుగమ్మాయిని నేనే పట్టుబట్టి తీసుకెళ్లాను. ఒక సెమిస్టర్ వచ్చి మానేసింది. “అక్కా, మీకైతే సరదా. నాకు ప్రతిసారీ ముప్పై పేజీలు చదివి, రెండు గంటలు కూర్చుంటే ఆ వారం నా చాప్టర్ కదలదు. పైగా మా గైడ్ ముందు తెలివితక్కువ ప్రశ్న అడుగుతానేమోనని నోరే తెరవను” అంది. ఆమె స్థానంలో ఉంటే నేనూ బహుశా అంతే చేసేదాన్ని. కలీలా లాంటి పేపర్ ఏదైనా జాబితాలో కనిపిస్తే మాత్రం ఆమెకు ఇప్పటికీ ఫార్వర్డ్ చేస్తుంటాను.