బ్యాష్ జోడు బ్రాకెట్లు: ఎడమవైపు నిశ్చింత, కుడివైపు కొటేషన్లు తప్పనిసరి

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కల స్క్రిప్టులు చూసుకునే నేను, కొన్ని సీజన్లుగా స్ట్రింగులను (అక్షరాల వరుసలను) పోల్చడానికి, ఆదేశాలు నడిపే బ్యాష్ షెల్‌లోని జోడు బ్రాకెట్లు [[ ]] వాడుతున్నాను. వేరియబుల్ (విలువను దాచే పేరు) ఖాళీగా ఉన్నా, రైతు పేరులో రెండు మూడు పదాలున్నా పోలిక చెడదు కాబట్టే అదంటే నాకు ఇంత ఇష్టం. ఒంటి బ్రాకెట్ [ ] లో కొటేషన్లు మరచిపోతే ఖాళీ విలువ పూర్తిగా మాయమవుతుంది. ‘యూనరీ ఆపరేటర్ ఎక్స్‌పెక్టెడ్’ అని ఒక ఎర్రర్ చూపించి, షరతు నెరవేరలేదన్నట్టుగా స్క్రిప్టు ముందుకు సాగిపోతుంది. లెక్కల పనిలో అంతకంటే ప్రమాదం లేదు.

అయితే ఈ నిశ్చింత ఎడమవైపుకే వర్తిస్తుందని ఒక సీజన్ మధ్యలో తేలింది. నాకు ముందునుంచీ నడుస్తున్న ఒక స్క్రిప్టు, తూకం చీటీలోని రకాన్ని కుడివైపు పెట్టి, ధరల పట్టికలోని ఒక్కో వరుసతో పోల్చి, మొదట సరిపోయిన ధరను వేస్తుంది. రకాలు కలిసిన లోడుకు కాటా దగ్గర నక్షత్రం గుర్తు (*) కొట్టేవారు. అలాంటి చీటీ ఏ వరుసతోనూ కలవకుండా, ధర నిర్ణయించేదాకా పక్కన ఆగాలి. కానీ బేనీషా రకం కూడా కలిపి తెచ్చిన ఒక రైతుకు మొత్తం లోడు మీద తోతాపురి ధరే పడింది, ఆయన చీటీ పట్టుకుని నిలదీయడం పూర్తిగా న్యాయం. నడిచే ప్రతి పంక్తినీ చూపించే ‘సెట్ మైనస్ ఎక్స్’ (set -x) పెట్టి నడిపితే [[ తోతాపురి == * ]] అని కనబడింది. కుడివైపు కొటేషన్లు లేనప్పుడు బ్యాష్ ఆ విలువను స్ట్రింగుగా కాక నమూనాగా చూస్తుంది, నక్షత్రం దేనికైనా సరిపోతుంది. కొటేషన్లు పెట్టగానే అదే పంక్తి [[ తోతాపురి == \* ]] గా మారి, చీటీ ఆగవలసిన చోట ఆగింది.

నిజానికి ఆ నమూనా సౌకర్యం కావాలనే పెట్టినది, ఫైళ్ల పేర్లను వడకట్టేటప్పుడు నేనూ వాడుకుంటాను. బయటినుంచి వచ్చే విలువ కుడివైపు ఉన్నప్పుడు మాత్రం కొటేషన్లు లేని పంక్తిని ఇప్పుడు ఒప్పుకోను.

మా యంత్రాలన్నింటిలో బ్యాష్ ఉంది కాబట్టి నాకు ఇదే సరిపోతుంది. ఉబుంటు లినక్స్‌లో 2006 నాటి 6.10 వెర్షన్ నుంచి ‘ఎస్‌హెచ్’ (sh) అని పిలిస్తే నడిచేది బ్యాష్ కాదు, డాష్ అనే మరో షెల్; అందులో [[ లేదు, == కూడా చెల్లదు. తిరుపతి ఆఫీసులో అలా నడిచే స్క్రిప్టులకు ఒంటి బ్రాకెట్, రెండువైపులా కొటేషన్లు, ఒకే సమాన గుర్తు వాడుతున్నాను.