దూరానికి ఐదు స్టార్లు, విమాన సమయానికి రెండే

రెండు ఊళ్ల పేర్లు కొడితే మధ్య దూరం, విమానంలో పట్టే టైము చూపించే సర్వీసు ఒకటి ఏడాదిగా వాడుతున్నాను. నా ఉద్యోగం ఒక ఊళ్లో, అమ్మ ఇంకో ఊళ్లో. నెలకు రెండుసార్లు వెళ్లొస్తాను కాబట్టి ఆ అంకెలతో నాకు నిజంగా పనుంది.

దూరం విషయంలో కళ్లు మూసుకుని నమ్మొచ్చు. మా ఊళ్ల మధ్య 220 కిలోమీటర్లని చూపించింది. అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు అనుకుని నేనే లెక్క కట్టాను, సరిపోయింది. భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉంటుంది కదా, దాన్ని వదిలేసినా తేడా మహా అయితే అర శాతం. మా దూరానికి అది కిలోమీటరు. లండన్ అని కొడితే ఇంగ్లండ్‌దా, కెనడాదా అని అడుగుతుంది కూడా. ఆ శ్రద్ధ నాకు చాలా నచ్చింది.

చిక్కంతా టైముతోనే. మాకు 16 నిమిషాల 30 సెకన్లని చూపించింది. 220ని గంటకు 800 కిలోమీటర్ల వేగంతో భాగించేశారన్నమాట. అమ్మ ఆపరేషన్ అయిన మర్నాడు పదకొండింటికి డాక్టరు మాట్లాడతానన్నారు. టికెట్ మీద 55 నిమిషాలుంది. ఆలస్యాలకు కలిపి వేసుంటారు, గాలిలో పావుగంటే కదా, ముందే దిగిపోతాం అనుకున్నాను. డాక్టరు వెళ్లిపోయిన ఇరవై నిమిషాలకు చేరాను. అమ్మ ఒక్కతే ఆయన చెప్పిందంతా వినాల్సొచ్చింది.

తర్వాతి ప్రయాణంలో గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. విమానం కదిలాక రన్‌వే మీద పరుగు మొదలుపెట్టేదాకా 14 నిమిషాలు, గాలిలో 34, దిగాక ఆగడానికి 7. సరిగ్గా 55.

ఎందుకంటే, వెయ్యి అడుగులు దిగడానికి మూడు నాటికల్ మైళ్లు కావాలన్నది పైలట్ల లెక్క. నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. 35,000 అడుగుల నుంచి దిగాలంటే దాదాపు 195 కిలోమీటర్ల ముందే మొదలుపెట్టాలి. మా దారి మొత్తం 220. ఇక అంత ఎత్తుకు ఎక్కేదెప్పుడు, 800 వేగం అందుకునేదెప్పుడు? కిందే, నెమ్మదిగా పోతుంది. ముందు పంకాలు తిరిగే టర్బోప్రాప్ విమానమైతే దాని పూర్తి వేగమే గంటకు 500 దరిదాపుల్లో ఉంటుంది.

స్కాట్లండ్‌లో వెస్ట్రే, పాపా వెస్ట్రే దీవుల మధ్య విమానం నడుస్తుంది. దూరం 2.7 కిలోమీటర్లు, టైం టేబుల్లో రెండు నిమిషాలు. ఈ సర్వీసు లెక్కన పన్నెండు సెకన్లు! ఐదు వేల కిలోమీటర్ల ప్రయాణంలో అరగంట తేడా పెద్దగా తెలియదు. దగ్గరి ఊళ్లకే ఇది మునుగుతుంది.

ఇంకోటి, దూరం కొలిచేది ఊరి నడిబొడ్డు నుంచి. మా విమానాశ్రయం అక్కణ్ణుంచి 30 కిలోమీటర్లు. గడప నుంచి గడపకు నాకు నాలుగు గంటల పది నిమిషాలు పట్టింది, కారులో వెళ్తే నాలుగున్నర.

సమయం గడి కింద ‘గాలిలో, పూర్తి వేగంతో, నేరుగా వెళ్తే’ అని చేర్చమని వాళ్లకు రాశాను. ఆ నాలుగు మాటలు కనిపించిన రోజు మూడో స్టారు ఇస్తాను.