మూడు బ్రాంచీల డిజిటల్ ల్యాబ్: బీటెక్ నుంచి ఎంటెక్ దాకా వాడాక

మా క్యాంపస్‌లో ఈసీఈ, ట్రిపుల్‌ఈ, సీఎస్‌ఈ మూడింటికీ కలిపి డిజిటల్, ఎంబెడెడ్ ల్యాబ్ ఒక్కటే. బీటెక్ రెండో ఏడాదిలో అందులో అడుగుపెట్టాను, ఇప్పుడు ఎంటెక్ ప్రాజెక్టూ అక్కడే చేస్తున్నాను. ల్యాబ్ ఎలా ఉంటుందని జూనియర్లు అడిగితే బాగుంటుందనే చెబుతాను. అయితే దాన్ని నిలబెడుతున్నది అద్దాల బీరువాలోని ఖరీదైన బోర్డులు కాదు, తలుపు పక్కన బల్ల మీదున్న, చిప్ మంచిదో పాడైందో చెప్పే ఐసీ టెస్టర్.

పొద్దున ఒక బ్యాచ్, మధ్యాహ్నం ఇంకో బ్యాచ్. పొద్దున వాళ్లు కాల్చిన చిప్ మధ్యాహ్నం వాళ్ల చేతికొస్తుంది. నాండ్ గేట్ల చిప్ 7400, నార్ గేట్ల చిప్ 7402 చూడ్డానికి ఒకేలా ఉంటాయి. రెండిటికీ 14వ పిన్ సప్లై, 7వ పిన్ గ్రౌండ్. కానీ 7400లో 1, 2 ఇన్‌పుట్లు, 3 అవుట్‌పుట్ అయితే, 7402లో 1వ పిన్నే అవుట్‌పుట్. నాండ్‌కి చేసిన వైరింగ్‌లో నార్ పెట్టారంటే గేట్ అవుట్‌పుట్‌ను తీసుకెళ్లి నేరుగా సప్లైకో గ్రౌండ్‌కో కలిపినట్టే. 7476 అనే ఫ్లిప్‌ఫ్లాప్ (ఒక బిట్‌ను గుర్తుంచుకునే సర్క్యూట్) చిప్‌తో ఇంకో తంటా. దానికి సప్లై 5వ పిన్, గ్రౌండ్ 13వ పిన్. వేరే 16 పిన్ల చిప్‌ల అలవాటు కొద్దీ 16కీ 8కీ ఇచ్చేసి, పలకడం లేదని మంచి చిప్‌నే పక్కన పడేస్తారు.

ఇప్పుడు మా ల్యాబ్ అసిస్టెంట్ గారు టెస్టర్‌లో పెట్టి చూడకుండా ఒక్క చిప్ కూడా బయటికివ్వరు, వెనక్కీ తీసుకోరు. ఫెయిల్ అని వస్తే అక్కడికక్కడే దాని రెండు కాళ్లు వంచేసి డబ్బాలో వేస్తారు. కాళ్లు వంగిన చిప్ మళ్లీ మంచివాటి డ్రాయర్‌లోకి చేరదు. ఈ పద్ధతి రాకముందు, సర్క్యూట్ పనిచేయక చివరి పది నిమిషాల్లో పక్కవాళ్ల రీడింగులు అబ్జర్వేషన్‌లో ఎక్కించుకుని పోయేవాళ్లు చాలామంది. ఇప్పుడు అవుట్‌పుట్ రాకపోతే తప్పు తమ వైరింగ్‌లోనే ఉందని తెలుసు కాబట్టి కూర్చుని వెతుకుతున్నారు. ల్యాబ్ అంటే నేర్పాల్సింది ఇదే కదా.

బ్రెడ్‌బోర్డులు (సర్క్యూట్ కోసం చిప్‌లు, వైర్లు గుచ్చే రంధ్రాల పలకలు) మాత్రం మార్చాలి. లావు కాళ్ల 1ఎన్4007 డయోడ్లు గుచ్చీ గుచ్చీ రంధ్రాలు వదులైపోయాయి. ఈ 74 వరుస చిప్‌ల రకమైన టీటీఎల్‌లో ఎక్కడా కలపకుండా గాల్లో ఉన్న ఇన్‌పుట్ 1 కిందే లెక్క. అందుకని వైరు ఊడినా కొన్నిసార్లు ట్రూత్ టేబుల్ (ఏ ఇన్‌పుట్లకి ఏ అవుట్‌పుట్ రావాలో చూపే పట్టిక) సగం సరిగ్గానే వస్తుంది, తప్పు ఎక్కడుందో ఓ పట్టాన దొరకదు. వెళ్లగానే మల్టీమీటర్ అడిగి తీసుకోండి.

ఎంబెడెడ్ వైపు 8051 మైక్రోకంట్రోలర్ (చిన్న కంప్యూటర్ లాంటి చిప్) బోర్డులు పాతవే అయినా గట్టివి. వాటిలో అసలు ఉండాల్సింది 11.0592 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, అంటే చిప్ నడిచే వేగాన్ని నిర్ణయించేది. దాంతో టీహెచ్1 అనే టైమర్ రిజిస్టర్‌లో ఎఫ్‌డీ వేస్తే పీసీకి డేటా పంపే వేగం సరిగ్గా 9600 బాడ్ (సెకనుకి అన్ని బిట్లు) వస్తుంది. రిపేరుకి వెళ్లొచ్చిన కొన్నిటిలో 12 వేశారు. అదే ప్రోగ్రామ్ వాటిలో 10,417 దగ్గర నడిచి, స్క్రీన్ నిండా పిచ్చి అక్షరాలు కక్కుతుంది. కోడ్ తప్పనుకుని పిల్లలు పడే టెన్షన్ అంతా ఇంతా కాదు. క్రిస్టల్ మీద అంకె చదివాకే కోడ్ జోలికి వెళ్లండి.

ఎఫ్‌పీజీఏకి (మనకు కావాల్సిన సర్క్యూట్‌ని లోపల అమర్చుకోగల చిప్) బేసిస్ 3 బోర్డులున్నాయి. 16 స్విచ్‌లు, 16 ఎల్‌ఈడీలు, నాలుగంకెల డిస్‌ప్లే, నేర్చుకోవడానికి చక్కటి బోర్డు. కానీ ఉన్నవి తక్కువ. ఒక్కో బోర్డు చుట్టూ నలుగురైదుగురు చేరితే ఒకరు మౌస్ పట్టుకుంటారు, మిగతావాళ్లు చూస్తారు. పైగా ల్యాబ్ పీసీల్లో బోర్డులోకి ఎక్కించే ఫైల్, అంటే బిట్‌స్ట్రీమ్ తయారయ్యేసరికి పీరియడ్ సగం అయిపోతుంది. ఆ చిప్‌కి ఆ ఫైల్ తయారుచేసే వివాడో సాఫ్ట్‌వేర్ ఉచిత ఎడిషన్ సరిపోతుంది. హాస్టల్లో మీ ల్యాప్‌టాప్‌లోనే బిట్‌స్ట్రీమ్ తయారుచేసుకుని వస్తే, ల్యాబ్‌లో ఎక్కించి చూసుకోవడమే మిగులుతుంది.

నాకు నిజంగా బాధ కలిగించేది ఒకటుంది. సాయంత్రం నాలుగున్నరకల్లా తాళం పడుతుంది. మర్నాడు పొద్దున వేరే బ్రాంచ్ వాళ్లకి అదే బల్ల కావాలి కాబట్టి, సగంలో ఉన్న ఫైనలియర్ ప్రాజెక్టు సర్క్యూట్‌ని కూడా పీకేయాల్సిందే. మా ఎంటెక్ వాళ్లకి బీరువాలో ఒక అర ఇచ్చారు, బ్రెడ్‌బోర్డ్ ఉన్నదున్నట్టు అందులో పెట్టి వెళతాం. బీటెక్ వాళ్లకీ అలాంటి అరలు ఇవ్వాలని హెచ్‌ఓడీ గారిని అడిగాం. వచ్చే సెమిస్టర్‌కి చూద్దామన్నారు.